చింతకొమ్మ దించే ముందు కప్పీకి కాటా కట్టాం

ఎందుకు మొదలుపెట్టాం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఒడిశా గజపతి జిల్లాలో ఉన్న మా పర్లాకిమిడి వైపునూ గాలీ వానా వదల్లేదు. ఆ తర్వాత రెండు వారాలు చిన్నమావయ్య, బావ, నేను ఇళ్ల మీద ఒరిగిన చెట్లు తీసే పనిలోనే ఉన్నాం. చెట్లెక్కి కొమ్మలు కొట్టడం మావయ్య పని. బావ టెక్కలి గ్రానైట్ క్వారీల్లో చేసి వచ్చినవాడు. నాది మోటార్లు రీవైండింగ్ చేసే చిన్న షాపు.

ఒక ఇంటి వెనక వేపచెట్టు కొమ్మ దించుతుంటే, ముక్కని దించే తాడు పోయే కప్పీ, అంటే గిలక, కట్టిన పై కొమ్మే విరిగి కిందికొచ్చింది. మావయ్య భుజం ఎముక విరిగింది. మూడు నెలలు చెయ్యి పైకెత్తలేకపోయాడు.

ఆ కొమ్మని చూడకుండా కట్టలేదు. బావా నేనూ ఇద్దరం దానికి వేలాడి చూశాం. మా ఇద్దరి బరువు కలిపితే 130 కిలోలు. దించాల్సిన ముక్క 80 ఉంటుందని అంచనా వేశాం. 130 మోసిన కొమ్మ 80 ఎందుకు మోయలేదు? ఇన్నేళ్లయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఇప్పుడు పెద్దమ్మ ఇంటి వెనక చింతచెట్టు వంతు వచ్చింది. ఒక కొమ్మ పెంకుల కప్పు మీదుగా సాగి, పక్కింటివాళ్ల పశువుల శాల దాకా వెళ్లింది. మొదలు దగ్గర లావు 28 సెంటీమీటర్లు, పొడవు 6 మీటర్లు. వచ్చే వానాకాలం లోపు తీసెయ్యాలి. కాయ దులిపేదాకా ఆగమంది పెద్దమ్మ. ఆగాల్సిన ఆ నెలన్నరలో, పనికి ముందు లెక్క తేల్చుకుందామని మావయ్యతో అన్నాను. ఆయన భుజం తడుముకుంటూ, "సూద్దాం అల్లుడూ, కాటా కట్టే సూద్దాం" అన్నాడు.

మొదటి ఆదివారం: సామాన్లు

300 కిలోల డిజిటల్ వేలాడే కాటా ఒకటి. చింతపండు మూటలు తూచే 100 కిలోల స్ప్రింగ్ కాటా ఒకటి. పెద్దమ్మ బావిది పాత ఇనప గిలక. బావ తెచ్చిన బేరింగ్ కప్పీ. 20 లీటర్ల నీళ్ల క్యాన్లు మూడు. తాడు 16 మిల్లీమీటర్ల పాలియెస్టర్.

బజార్లో సగం ధరకే ప్లాస్టిక్ తాడు, అంటే పాలీప్రొపిలీన్, దొరుకుతుంది. నీళ్ల మీద తేలుతుంది, తేలిగ్గా ఉంటుంది, పందిళ్లకి బాగుంటుంది. కానీ అది 165 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మాను చుట్టూ బరువుతో జారే తాడుకి ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. పాలియెస్టర్ 250 డిగ్రీలు దాటాకే కరుగుతుంది. ఎండకి కూడా తట్టుకుంటుంది. డబ్బు అక్కడ పెట్టాను.

ఈ డైరీలో లాగుడుని కూడా కిలోల్లోనే రాస్తున్నాను. ఒక కిలో బరువంటే సుమారు 9.8 న్యూటన్ల బలం. కాటా చూపేది కిలోలు, మావయ్యకి తెలిసినవీ కిలోలే.

రెండో ఆదివారం: 20 కిలోలు 40 అయింది

పనసచెట్టు కొమ్మకి డిజిటల్ కాటా, దాని కొక్కానికి బేరింగ్ కప్పీ. కప్పీ బరువు తీసేసి కాటాని సున్నాకి తెచ్చాం. నీళ్ల క్యాన్‌ని ముందు నేరుగా కొక్కానికే కట్టాం. కాటా 20.6 చూపింది. క్యాన్ బరువుతో కలిపి అది సరైనదే.

తర్వాత తాడుని కప్పీ మీదుగా వేసి, ఒక కొసకి క్యాన్ కట్టి, రెండో కొస బావ చేతికిచ్చాం. క్యాన్ గాల్లో నిలబడింది. కాటా 41 చూపింది. మావయ్య కిందనుంచి ఆ అంకె చూసి, బావ చేతిలోని తాడుని తనే పట్టుకుని మళ్లీ చదవమన్నాడు. మళ్లీ 41.

కారణం తెలిశాక చిన్నదే. క్యాన్‌ని ఆపాలంటే తాడు దాన్ని 20 కిలోల బలంతో పైకి లాగాలి. తాడులో టెన్షన్, అంటే లాగుడు, ఈ చివరా ఆ చివరా ఒకటే కాబట్టి రెండోవైపు బావ కూడా 20 కిలోల బలంతో కిందికి లాగుతున్నాడు. పైనున్న కప్పీని రెండు పక్కల తాడు పేటలూ కిందికే లాగుతాయి. 20కి 20 కలిసింది. బావ తాడు వదిలేసి దాన్ని పనసమాను మొదట్లో కట్టేసినా కాటా 41 దగ్గరే ఉంది. అవతలి కొసని మనిషి పట్టుకున్నాడా మాను పట్టుకుందా అన్నది కప్పీకి తేడా లేదు.

ఆ వేపకొమ్మ మా ఇద్దరికీ వేలాడ్డానికి మోసింది 130. 80 కిలోల ముక్కని కప్పీ మీదుగా దించినప్పుడు మోయాల్సింది, ముక్క కదలకుండా ఉన్నా సరే, 160. ముక్క కదలకుండా లేదు కూడా.

ఆ సాయంత్రం మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. చీకటి పడ్డాక, "నువ్వు ఆ రోజు తప్పు చెయ్యలేదురా, మనకి తెలీలేదు" అన్నాడు. ఇది డైరీలో ఉండాలని రాస్తున్నాను.

పాత ఇనప గిలకతో చూస్తే ఇంకో సంగతి బయటపడింది. క్యాన్‌ని పైకి లాగాలంటే బావ 26 కిలోల బలం పెట్టాలి. నెమ్మదిగా దించేటప్పుడు 15తో ఆపగలడు. తుప్పు రాపిడి ఎప్పుడూ కదలికకి ఎదురు నిలబడుతుంది. అందుకే పై కాటా ఎక్కించేటప్పుడు 46 దాటింది, దించేటప్పుడు 36 దగ్గర ఆగింది. కొమ్మ ఎక్కడో ఇరుక్కుంటే విడిపించడానికి అందరం కలిసి దాన్ని పైకి లాగుతాం కదా, పై కట్టుకి అన్నిటికంటే చెడ్డ క్షణం అదే.

ఒక చిన్న మాట. ఒడియాలో కప్పీని కపికళ అంటారు. మా ఇంట్లో అమ్మమ్మ కాలం నుంచీ బావిదైతే గిలక, పనిదైతే కప్పీ. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఇక్కడ వస్తువుని ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరే రాస్తున్నాను.

మూడో ఆదివారం: కోణం

తాడు పట్టుకున్న మనిషి కప్పీ కిందే నిలబడకుండా దూరం జరిగితే బరువు తగ్గుతుంది. రెండు పేటల మధ్య 60 డిగ్రీలుంటే కాటా 35, 90 ఉంటే 29, 120 ఉంటే 21 చూపింది. 120 దగ్గర కప్పీ మీద పడేది ముక్క బరువంతే.

బాగుందని దూరం దూరం జరుగుతూ పోకూడదు. కాటా ఒంగిన తీరు చూడండి. కోణం పెరిగే కొద్దీ అది నిలువుగా వేలాడడం మానేసి, రెండు పేటలకీ సరిగ్గా మధ్యగా, బావ ఉన్న వైపుకి వాలింది. బలం తగ్గింది గాని దిశ మారింది. నిలువు మాను తన పొడవు వెంబడి పడే బరువుని బాగా మోస్తుంది. అడ్డంగా లాగితే వంగుతుంది. అందుకే మావయ్య ఇప్పుడు ముందు చూసేది, ఆ మధ్య గీత మాను లోపలికి పోతోందా, గాల్లోకి పోతోందా అని.

విరిగిన వేపకొమ్మ లెక్క కూడా ఇక్కడే కట్టాను. కప్పీని మానుకి మీటరు దూరంలో కాకుండా మూడు మీటర్ల దూరంలో కడితే కొమ్మ మొదట్లో వంపు దెబ్బ మూడు రెట్లు. కొమ్మ లావు సగమైతే వంపుని తట్టుకునే శక్తి ఎనిమిదో వంతుకి పడిపోతుంది. మేం ఆ రోజు అందుబాటులో ఉందని కొస వైపు కట్టాం. వేలాడి చూసింది మాత్రం మొదలు దగ్గర.

నాలుగో ఆదివారం: మాను చుట్టూ చుట్లు

నాకు ఈ పని మొత్తంలో బాగా నచ్చిన రోజు ఇది.

రెండు క్యాన్లు కలిపి 40 కిలోలు. కప్పీ నుంచి దిగిన తాడుని పనసమాను మొదలు చుట్టూ తిప్పి, కొసకి స్ప్రింగ్ కాటా తగిలించి, క్యాన్లు మెల్లగా దిగుతుండగా ఎంత బలంతో పట్టుకోవాలో చదివాం. అర చుట్టుకి 18. ఒక చుట్టుకి 8. ఒకటిన్నరకి మూడున్నర. రెండు చుట్లకి ముల్లు రెండు లోపు ఊగుతూ ఉండిపోయింది. పెద్దమ్మ మనవరాలు, ఎనిమిదో తరగతి పిల్ల, రెండు వేళ్లతో పట్టుకుని 40 కిలోలని దించింది. ఆ ఒక్కసారి దింపాక తాడు తీసుకున్నాం, పిల్లల్ని ఇక దగ్గరికి రానివ్వలేదు.

రాపిడి ఒక్కో చుట్టుకీ ఇంత అని కలవదు, గుణించుకుంటూ పోతుంది. ప్రతి అర చుట్టూ చేతికొచ్చే లాగుడుని సగం కంటే తక్కువ చేస్తోంది. ఇంకో వింత, మాను లావుతో పెద్దగా పని లేదు. 45 సెంటీమీటర్ల పనస మీదా, పాతిన 15 సెంటీమీటర్ల సరుగుడు గుంజ మీదా చుట్ల లెక్క ఒకటే అయితే అంకెలు దాదాపు ఒకటే. ఎంత పొడవున రాసుకుందన్నది కాదు, ఎన్ని డిగ్రీలు తిరిగిందన్నదే లెక్క. బెరడు తడిస్తే మాత్రం అంకెలు మారాయి, కాబట్టి పని రోజు పొద్దున్నే నీళ్ల క్యాన్‌తో ఒకసారి చూసుకోవాలి.

ఇక్కడ బావ ఒక మంచి ప్రశ్న వేశాడు. చేతిలో రెండు కిలోలే ఉంటే పై కప్పీ మీద 42 పడాలి కదా అన్నాడు. పైకి చూస్తే 80. చుట్లు తగ్గించేది మాను దాటాక వచ్చే కొసలో లాగుడుని మాత్రమే. కప్పీకీ మానుకీ మధ్య ఉన్న పేటలో పూర్తి 40 అలాగే ఉంది. కింద తేలిగ్గా ఉందని పైన తేలిగ్గా ఉన్నట్టు కాదు.

పైన కప్పీ లేకుండా తాడుని నేరుగా పంగలోంచి వేసే మా పాత పద్ధతిని కూడా తూచాం. అక్కడ రాపిడి పైనే జరుగుతుంది కాబట్టి పంగ మీద 58 పడింది, 80 కాదు. మావయ్య తరం పంగని ఎందుకు నమ్మిందో అప్పుడు అర్థమైంది. వాళ్ల చేతులకి ఆ తేడా తెలుసు. దాని ఖరీదు మాత్రం తాడు కడుతుంది. నాలుగు దింపులకే మా కొత్త తాడు మీద పోగులు లేచాయి, ముట్టుకుంటే వెచ్చగా ఉంది, పంగలో బెరడు ఒలిచి తెల్లగా కనిపించింది.

అయిదో ఆదివారం: కుదుపు

అన్నిటికంటే భయపడాల్సింది ఇది. 5 కిలోల ఇసుక మూట, 2 మీటర్ల తాడు, పైన స్ప్రింగ్ కాటా. ముల్లు ఎక్కడిదాకా వెళ్లి వచ్చిందో తెలియడానికి అద్దం మీద దారం ముక్క అడ్డంగా పెట్టాం. ముల్లు దాన్ని తోసి వదిలేస్తుంది.

తాడు బిగుతుగానే ఉంచి, చేత్తో పట్టుకున్న మూటని ఠక్కున వదిలితే దారం 10 దగ్గర ఆగింది. ఎత్తునుంచి పడలేదు, ఒక్కసారిగా వదిలాం, అంతే. దానికే రెండింతలు. 30 సెంటీమీటర్లు, అంటే స్కేలు పొడవంత, పడనిస్తే దారం 35 దగ్గర ఉంది. ఏడు రెట్లు. కాటా స్ప్రింగు కూడా సాగి కొంత దెబ్బ మింగింది కాబట్టి, అది లేకపోతే ఇంకా ఎక్కువే ఉండేది.

అదే మూట, అదే ఎత్తు, తాడు 2 మీటర్ల బదులు 8 మీటర్లు పెడితే 25. పొడుగు తాడు ఎక్కువ సాగుతుంది, ఆగడానికి చోటు దొరుకుతుంది. కొస మానుకి కట్టెయ్యకుండా, బావ రెండు చుట్ల మీద జారనిచ్చి మెల్లగా ఆపితే 12. ఆ 35 నుంచి 12కి తెచ్చింది చెయ్యి. చెట్టు కింద తాడు పట్టుకునేవాడి కూలి చెట్టెక్కేవాడి కంటే ఎందుకు తక్కువో నాకిక అర్థం కాదు.

పంగ పద్ధతిలో దాగున్న ఇంకో అపాయం కూడా దీంతో తేలింది. పైన రాపిడి ఎక్కువైతే దెబ్బ పంగ దాటి కింది తాడుకి సరిగా చేరదు. పంగకీ ముక్కకీ మధ్య ఉన్న పొట్టి పేటే మొత్తం సాగాలి. బాగా తిరిగే కప్పీ ఉంటే కింది తాడు కూడా సాగడంలో పాలు పంచుకుంటుంది. స్థిరమైన బరువుకి పంగ మేలు, కుదుపుకి కప్పీ మేలు.

మన చింతకొమ్మ అడ్డంగా ఉంది కాబట్టి ముక్క నేరుగా పడదు, ఊగుతుంది. ఊగే బరువుకి వేరే లెక్క. అడ్డంగా, కప్పీ ఎత్తుకి సమంగా ఉన్నచోటు నుంచి వదిలితే అది కిందికొచ్చే క్షణంలో తాడులో మూడింతల బరువు. నిలువుకి 60 డిగ్రీల దూరం నుంచి వదిలితే రెండింతలు. కప్పీ ఎంత పైన కడితే కోణం అంత తగ్గుతుంది.

పనికి ముందు రోజు: మొద్దు బరువు

పచ్చి చింతమొద్దుని నీళ్ల బరువుగా లెక్క పెట్టుకున్నాం, ఘనమీటరుకి 1000 కిలోలు. మొద్దు ఎన్ని లీటర్ల డ్రమ్మంత ఉందో అన్ని కిలోలు. 28 సెంటీమీటర్ల లావు, 1.3 మీటర్ల పొడవు ముక్క 80 కిలోలు వస్తుంది. పైన పది కలిపి 90 అని రాసుకున్నాం. లావు రెట్టింపైతే బరువు నాలుగింతలు, అందుకని మొదటికి వచ్చే కొద్దీ ముక్కలు పొట్టిగా కొయ్యాలి.

తాడుతో వచ్చిన కాగితంలో తెగే బలం 4 టన్నులు అని ఉంది. దానిలో పదో వంతుకి మించి వాడకూడదన్నది మా నియమం, అంటే 400. ముడి వేసినచోట మూడో వంతు పోతుందనుకుంటే 270 మిగులుతుంది. 90 కిలోల ముక్క ఊగి రెండింతలైతే 180. సరిపోతుంది. కప్పీ కట్టే తాడుకి మాత్రం దానికి రెట్టింపు, 360. అందుకని 20 మిల్లీమీటర్ల తాడుని రెండు పేటలుగా, నిలువు మాను చుట్టూ, పంగకి పైన కట్టాలి.

పని రోజు

కరెంటు సర్వీసు వైరు ముందు రోజే తీయించాం. పక్కింటి అబ్బాయి పశువుల్ని తోలుకెళ్లి, తనూ తాడు దగ్గరికి వచ్చాడు. అతనిది ఒడియా, మాది తెలుగు. మాటల దగ్గరే ఆగాం. తెలుగులో "వదులు" అంటే కాస్త లూజు చెయ్యమనీ కావచ్చు, పూర్తిగా విడిచెయ్యమనీ కావచ్చు. చెట్టు మీదనుంచి ఆ మాట వినకూడదని నిర్ణయించాం. "ఢిలా" అంటే రెండు భాషల్లోనూ కొంచెం వదులు చెయ్యడమే. "ఆగు" అంటే ఆగు. మిగతా మాటలన్నీ ఆ రోజుకి బంద్.

మావయ్య ముందు సన్న మండలన్నీ గొడ్డలితో కొట్టి దించాడు. తర్వాత కొస వైపు నుంచి ముక్కలు, ఒక్కోదానికీ ఒక తాడు కప్పీ మీదుగా, ఇంకో తాడు పక్కనుంచి ఊగకుండా పట్టుకోవడానికి. కొయ్యక ముందే తాడు బిగించి ఉంచాం, ఒక్క బెత్తెడు కూడా పడకుండా. తాడు ఎవరూ చేతికి చుట్టుకోలేదు. ముక్క దిగే దారిలో ఎవరూ నిలబడలేదు.

అయిదో ముక్క పెద్దది. రంపం కొస దాకా వచ్చాక కొయ్య చిటచిటలాడింది, మొద్దు విడిపడి కప్పు మీదుగా వెళ్తూ అర మీటరు జారి ఆగింది. తాడు మాను చుట్టూ చిన్నగా మూలిగింది. కాటాని ఆ లైన్లో పెట్టలేదు, దాని కొక్కం అంత నమ్మదగ్గది కాదు. ఆ కప్పీ కట్టిన చోటునే చూస్తున్నాను. మాను కదల్లేదు. పైన ఆకులు మాత్రం కొద్దిగా వణికాయి.

"ఢిలా" అన్నాడు మావయ్య. బావ జారనిచ్చాడు. మొద్దు పెరట్లో, బావి గట్టు పక్కన కూర్చుంది. పెంకు ఒక్కటి పగల్లేదు.

సాయంత్రం

పెద్ద మొద్దుని పనసకొమ్మకి కట్టి తూచాం. 87. మా అంచనా 90. మావయ్య బొగ్గుముక్కతో పెరటి గోడ మీద 87 అని రాసి, దాని పక్కన 174 అని రాసి, కింద గీత గీశాడు. పెద్దమ్మ సున్నం కొట్టేదాకా ఉండనిమ్మంది.

తాడు మీటరు మీటరు చేత్తో తడిమి చూశాను. మాను చుట్టిన చోట రెండు జానెల మేర పైపోగు మెరుస్తోంది, లోపలి పేటలు బాగానే ఉన్నాయి. ఆ ముక్క కోసేసి, మిగిలిన తాడుని రీవైండింగ్ షాపులో ఎండ తగలని మూల వేలాడదీశాను. శాల వైపు రెండో కొమ్మలో తొర్ర ఉందని మావయ్య పైనుంచి చూశాడు. కప్పీ దాని పై మానుకి కట్టాలో, పక్క కొబ్బరిచెట్టుకి కట్టాలో వచ్చే ఆదివారం కోణాలు కొలిచి చూడాలి.